ఒళ్ళు దాచుకునే కత్తెరమ్మ

ఒంటి గురించి మాట్లాడే హక్కు లోకంలో అందరికీ ఉంది, దాన్ని మోస్తున్న మనిషికి తప్ప. కత్తెరమ్మ విషయంలోనూ అదే జరిగింది.

ఆమె యూనిఫారాలు కుట్టే షాపులో కటింగ్ చేస్తుంది. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. కాజాలు, గుండీలు కుట్టే మూల నుంచి కటింగ్ టేబుల్ దాకా రావడానికి సగం వయసు పట్టింది. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కోత తప్పితే బ్రహ్మదేవుడు కూడా అతకలేడు. అందుకే ఆ పెద్ద కత్తెరంటే ఆమెకు ప్రాణం.

అలాంటి మనిషికి ఒళ్ళు ఎదురు తిరిగింది. ఒకరోజు భుజం, మర్నాడు నడుము, ఆపైన మోకాళ్ళు. రాత్రంతా పడుకుని లేచినా ఒళ్ళంతా అలసటే. దుప్పటి అంచు తగిలినా చురుక్కుమనేది. పరీక్షలు చేయిస్తే రిపోర్టులన్నీ శుభ్రంగా వచ్చాయి.

"రిపోర్టు బాగానే ఉందిగా!" అంది అత్తగారు.

"రిపోర్టుకు జబ్బు లేదత్తయ్యా, నాకుంది."

చివరికి ఒక డాక్టరమ్మ ఒళ్ళంతా నొక్కి చూసి, చెప్పేదంతా ఓపిగ్గా విని, పరీక్షలకు దొరకని ఈ ఒళ్ళునొప్పుల జబ్బును ఫైబ్రోమయాల్జియా అంటారంది. కత్తెరమ్మ అక్కడే ఏడ్చేసింది. నొప్పి తగ్గి కాదు, ఒక్కరైనా నమ్మినందుకు. అత్తగారు మాత్రం, "నోరు తిరగని పేరొకటి పెట్టించుకొచ్చింది" అని మూతి ముడిచింది.

డాక్టరమ్మ మాత్రలు రాసింది, రోజూ కాస్త నడవమంది, వేళకు పడుకోమంది. లేవబోతుంటే ఆపి, "నొప్పి ఉన్న రోజు మీకు ఒకరు చెప్పక్కర్లేదు. బాగున్న రోజే జాగ్రత్త. ఓపిక ఉండగానే పని ఆపండి" అంది. అది నిజం. బాగున్న రోజు పూనకం వచ్చినట్టు పనిచేసి, ఆ తర్వాత మంచానికి అతుక్కుపోవడమే అప్పటిదాకా ఆమె బతుకు.

కత్తెరమ్మ ఎత్తు స్టూలొకటి తెచ్చుకుంది. పని హుషారుగా సాగుతుండగానే కత్తెర పక్కన పెట్టి కూర్చునేది. లేదంటే వెనక సందులో అటూ ఇటూ నడిచొచ్చేది. చూసేవాళ్ళకు అది మింగుడుపడలేదు. మూలుగుతూ కూర్చుంటే పాపం అంటారు, నవ్వుతూ కూర్చుంటే పనిదొంగ అంటారు. మనుషుల జాలి అంత గొప్పది మరి!

ఇంతలో ఆసుపత్రి కోట్ల ఆర్డరొకటి వచ్చిపడింది. ఓనరు తన బావమరిదిని వెంటబెట్టుకుని టేబుల్ దగ్గరకొచ్చాడు. ఆ బావమరిదికి ఆ కత్తెర మీద ఎప్పటినుంచో కన్నుంది. సరిగ్గా అప్పుడే కత్తెరమ్మ స్టూలెక్కి కూర్చుంది.

"ఏం కత్తెరమ్మా, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉందండీ."

"మరి కూర్చున్నావేం?"

"ఇలాగే బాగుండాలని."

మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఓనరు ముఖం ఎర్రబడింది. "ఒళ్ళు దాచుకునేవాళ్ళతో ఈ ఆర్డరు తేలదమ్మా. కత్తెర మావాడికిచ్చి నువ్వు గుండీల దగ్గర కూర్చో."

మళ్ళీ ఆ మూలకు! అక్కడికి పంపినవాళ్ళెవరూ తిరిగి టేబుల్ దగ్గరకు రాలేదు. మెడ వంచి గుండీలు కుడితే ఆమె భుజాలు రెండు రోజులు కూడా ఆగవు. పాత కత్తెరమ్మయితే సిగ్గుతో చచ్చిపోయి, ఆ రోజంతా నిలబడి చూపించేది.

"దాచుకుంటున్నానండీ" అంది. "గుడ్డలో మిగిలిన ముక్క దాచితే పొదుపంటారు మీరు. ఒంట్లో ఉన్న ఓపిక దాచుకుంటే దొంగతనమా? అంతా ఇవాళే తగలేస్తే రేపు మీ కోట్లు కోసేదెవరు?"

"కోతలు బాగానే కోస్తోంది బావా" అని గొణిగాడు బావమరిది.

"నా కోతలు చూసే కదయ్యా ఇన్నాళ్ళూ ఆర్డర్లొచ్చింది!"

మిషన్ల వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కత్తెరమ్మ నవ్వలేదు. "కోట్లు ఎప్పటికి కోసివ్వాలి?" అని అడిగింది.

"శనివారానికి."

"శనివారానికి ఇస్తాను. నిలబడి కోశానా, కూర్చుని కోశానా, మధ్యలో నడిచొచ్చానా అన్నది నా ఒంటి సంగతి. ఆ రోజుకు తేలకపోతే కత్తెర నేనే మీ చేతిలో పెడతాను."

శనివారం దాకా చూద్దామన్నాడు ఓనరు.

బుధవారం నొప్పి రానే వచ్చింది, పిలవని పేరంటంలా. వేళ్ళు కత్తెర పిడి చుట్టూ ముడుచుకోలేదు. బావమరిది ఆ చుట్టుపక్కలే తచ్చాడుతున్నాడు. పళ్ళ బిగువున మొత్తం కోసిపారేద్దామా అనిపించింది ఆమెకు. ఆ పంతమే తనను ఎన్నిసార్లు మంచాన పడేసిందో గుర్తొచ్చింది. సగం పని చేసి, సగం టేబుల్ మీదే వదిలేసి, అందరూ చూస్తుండగా ఇంటికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి భయంతో నిద్ర పట్టలేదు. అయినా గురువారం లేవగలిగింది.

శనివారం మధ్యాహ్నానికి ఆఖరి కోటు చేతి ముక్క టేబుల్ మీద పడింది. ఓనరు కోతలన్నీ తిప్పి చూశాడు. వంక దొరకలేదు. సంతోషం పట్టలేక ఇంకో బేరం తీశాడు.

"ఇవాళ నీ ముఖం కళకళలాడుతోంది కత్తెరమ్మా. బాగున్నావుగా? కొత్త ఆర్డరొచ్చింది, ఈ సాయంత్రమే గుడ్డ పరిచేద్దాం."

కత్తెరమ్మ పెద్ద కత్తెరను తుడిచి, గుడ్డలో చుట్టి, సొరుగులో పెట్టి తాళం వేసింది. తాళంచెవి సంచిలో వేసుకుంది.

"బాగున్నానండీ" అంది. "అందుకే ఇంటికెళ్తున్నాను."