ఫోను నా చేతిలో పెట్టిన అక్క

నా చిన్నప్పుడు మూడు వారాలకోసారి నాకు రక్తం ఎక్కించేవాళ్లు. తలసేమియాతోనే పుట్టాను. మేం సూరత్‌లో, బమ్రోలిలో ఒక్క గది ఇంట్లో ఉండేవాళ్లం. నాన్నకు మరమగ్గాల మీద పని. కరోనా వచ్చిన రెండో ఏడు నాకు పదిహేను నిండినా, చూడ్డానికి పదేళ్ల పిల్లలా ఉండేదాన్ని. ఆ ఎండాకాలంలోనే, నాకంటే రెండేళ్లు చిన్నదైన మా చెల్లి పెద్దమనిషి అయింది. చుట్టాలు రాలేకపోయారు గానీ ఫోన్లు చేశారు. అందరూ అడిగింది నా గురించే. అమ్మ ఏదో ఒకటి చెప్పి ఫోన్ పెట్టేసేది. నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

ఆసుపత్రిలో నా పక్క మంచం మీద, అమ్రోలి నుంచి వచ్చే ఒక అక్క ఉండేది. మా కరీంనగర్ వైపు మనిషే. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించేది. నాకున్న జబ్బే ఆమెకూ. ఒకరోజు నా ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వలేదు, జాలీ పడలేదు.

"నాకు గూడ పందొమ్మిదేండ్లదాక రాలె. ఎక్కిచ్చుకునే రక్తంల ఇనుముంటది గదా, అది తలకాయలున్న గ్రంథిల పేరుకపోతది. గా గ్రంథి చెప్తెనే లోపట పని మొదలైతది. అది చెప్తలేదు, గంతే. గోలీలున్నయ్. నేను వాడుతున్న."

ఆ రోజుల్లో హార్మోన్ల డాక్టరమ్మ ఫోన్‌లోనే చూసేది. కాసేపటికి అక్క ఆమెతో తన మందుల సంగతి హిందీలో మాట్లాడింది. చుట్టూ మగవాళ్లున్నా, నెలసరి గురించి గొంతు తగ్గించకుండానే చెప్పింది. అంతా అయ్యాక, తన చెల్లెలు కూడా మాట్లాడుతుందని ఆమెకు చెప్పి, ఫోను నా చేతిలో పెట్టి, కళ్లు మూసుకుని నిద్ర నటించింది.

ముందు నా పేరూ వయసూ చెప్పాను. కరోనా అని అమ్మను లోపలికి రానివ్వలేదు కాబట్టి ఆదుకునేవాళ్లూ లేరు. డాక్టరమ్మ ఓపిగ్గా ఒక్కొక్కటే అడిగింది. చివరికి అంతా చెప్పేశాను. ఇనుము తీసే మందు రోజూ తాగుతున్నావా అని ఆమె అడిగితే, సుద్దనీళ్లలా ఉంటుందని చాలాసార్లు మురుగు మోరీలో పారబోస్తున్నానని కూడా ఒప్పుకున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి అది. ఆమె తిట్టలేదు. ఎముకలు గట్టిపడాలన్నా నెలసరి తెప్పించే హార్మోనే కావాలని చెప్పి, పరీక్షలు రాసింది.

అక్క కళ్లు తెరిచింది. "మంచిగ చెప్పినవ్" అంది.

బయటికొచ్చి అమ్మకు చెబితే మాస్కులోనే ఏడ్చింది. "ఇన్నొద్దులు నాకే అడుగుదామంటే సిగ్గైంది బిడ్డా."

పరీక్షల్లో ఆ హార్మోన్ బాగా తక్కువని తేలింది. దాని మాత్రలు చిన్న మోతాదుతో మొదలుపెట్టి నెలల మీద పెంచుతూ వచ్చారు. ఇనుము మందు అమ్మ ఎదురుగా కూర్చుని తాగించేది. జనం మాస్కులు వదిలేస్తున్న రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున, నేనూ పెద్దమనిషినయ్యాను. అమ్మ నువ్వులు దంచి బెల్లంతో ముద్దలు చేసింది. నాకన్నా మా చెల్లే ఎక్కువ గంతులేసింది. అక్కకు ఫోన్ చేస్తే, "సంబురమే గానీ, గోలీలు మాత్రం బంద్ పెట్టకు" అంది.

అదంతా జరిగి దశాబ్దాలైంది, ఇప్పుడు నా జుట్టు నెరిసింది. ఆ తర్వాత ఎన్ని ఆసుపత్రుల మెట్లెక్కానో లెక్కలేదు. వెంట ఎవరున్నా సరే, నా ఒంట్లో ఏం జరుగుతోందో డాక్టరుకు నేనే చెబుతాను. చేసిన తప్పుతో సహా.