సగం గోలి

2023 వేసవి. మస్కట్ శివార్లలో, యూనివర్సిటీకి దగ్గరగా ఉండే అల్ ఖౌద్‌లో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మాది కాకినాడ. అప్పటికి ఒమాన్ వచ్చి పదకొండేళ్లు. షాపుకి ఎదురుగా షోరూమ్‌లో కొత్త కార్లు తళతళలాడుతుండేవి. మా కౌంటర్ దగ్గర మాత్రం జనం స్ట్రిప్ మొత్తం కొనడం మానేశారు. నాలుగు మాత్రలు చాలనేవాళ్లలో కూలీలే కాదు, ఒమానీలూ ఉండేవారు. ఒకాయన్ని కంపెనీ ముందుగానే రిటైర్ చేసి పంపేసింది. ఒకావిడ కొడుకు డిగ్రీ పూర్తిచేసి మూడేళ్లుగా ఇంట్లోనే కూర్చున్నాడు. స్ట్రిప్పులు కత్తిరించీ కత్తిరించీ నా బొటనవేలు కాయ కాచింది.

రాజన్న జగిత్యాల వైపు మనిషి, యాభై దాటాయి. షట్టరింగ్ కార్పెంటర్, అంటే స్లాబు పోయడానికి ముందు చెక్కలు, రేకులతో అచ్చు బిగించేవాడు. నేను తెలుగుదాన్నని తెలిసిన రోజు నుంచీ ‘చెల్లె’ అనే పిలిచేవాడు. బీపీ మాత్రలు పదిహేను రోజులకే తీసుకుంటుంటే ఎందుకని అడిగాను.

“ఇదివరకు కంపెనీ క్లినిక్‌ల ఫిరీ ఇచ్చేటోల్లు చెల్లె. పోయినేడు బంద్ వెట్టిండ్రు. ఓవర్‌టైమ్ గూడ బంద్. ఉత్త బేసిక్‌తోని నేనేం తినాలె, ఇంటికేం పంపాలె?”

బేసిక్ అంటే ఓవర్‌టైమ్ కలపని జీతం. ఆయనకి వచ్చిన కొత్తలో ఎంతో, పదిహేనేళ్లకీ ఇంచుమించు అంతే. బియ్యం, ఉల్లిపాయల ధరలు మాత్రం ఆయన కోసం ఆగలేదు.

జాలిపడి ఒక చిట్కా చెప్పాను. ఆయన వాడేది ఐదు ఎంజీ మాత్ర. పది ఎంజీది కొని సగం చేసుకుంటే దాదాపు అదే ధరకి రెట్టింపు రోజులొస్తాయి. మధ్యలో గీత ఉన్న మామూలు మాత్రని అలా కోయవచ్చు. అందుకోసం ఒక టాబ్లెట్ కట్టర్ కూడా ఉచితంగా ఇచ్చాను. అగ్గిపెట్టెంత డబ్బా, మూతకి బ్లేడు ఉంటుంది. మంచి పని చేశానని ఆ రోజంతా మురిసిపోయాను.

మే నెలలో డాక్టర్ మందు మార్చి ఎస్సార్ మాత్ర రాశాడు. సస్టెయిన్డ్ రిలీజ్ అన్నమాట. అందులోని మందు ఒక్కసారిగా కాక రోజంతా కొద్దికొద్దిగా ఒంట్లోకి దిగుతుంది. కోస్తే ఆ ఏర్పాటంతా చెడి, ఉన్నదంతా ఒక్కపెట్టున దిగిపోతుంది. కోయవద్దని పెట్టె మీద ఇంగ్లీషులోనూ అరబిక్‌లోనూ ఉంది. రాజన్నకి తెలుగు తప్ప చదవడం రాదు. ఆ రోజు షాపు కిటకిటలాడుతోంది. “రోజూ పొద్దున ఒకటి” అని చెప్పి పంపేశాను.

మూడు వారాల తర్వాత వాళ్ల సూపర్‌వైజర్ షాపులోకి దూసుకొచ్చాడు.

“మేడం, క్యా దవాయీ దియా ఆప్‌నే?” అని, ఏం మందిచ్చారని హిందీలో నిలదీస్తూ ఒక స్ట్రిప్ కౌంటర్ మీద పడేశాడు.

రాజన్న పొద్దున అచ్చు మీద నిలబడి ఉండగా కళ్లు తిరిగి కింద పడ్డాడట. భుజం ఎముక విరిగింది. బీపీ అందకుండా పడిపోయింది. స్ట్రిప్‌తో పాటు, కాగితంలో చుట్టిన సగం ముక్క ఒకటి. వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసి, అది ఎస్సార్ మాత్ర అనీ, కోసి వేసుకున్నాడనీ చెప్పాను.

సూపర్‌వైజర్ గోల సూపర్‌వైజర్‌ది. కాంక్రీటు లారీలు వచ్చి వెనక్కి పోయాయి, స్లాబు ఆగింది, ఇరవై మంది ఖాళీగా కూర్చున్నారు. మరి క్లినిక్ ఎందుకు తీసేశారని అడిగితే, ఖర్చు తగ్గించడానికట! ఒళ్లు మండిపోయింది. క్లినిక్ మీద మిగుల్చుకున్నదెంతో, ఆ ఒక్క పూటలో పోయిందెంతో ఆయనకి తట్టనే లేదు.

సాయంత్రం డ్యూటీ దిగి ఆస్పత్రికి వెళ్లాను. కళ్లు తెరిచి ఉన్నాడు కదా అని మంచం పక్కనే నిలబడి కేకలేశాను.

“ఎవరు కొయ్యమన్నారు అన్నా నిన్ను?”

“నువ్వే గద చెల్లె నేర్పినవ్. నేనొక్కన్నే గాదు, రూమ్‌ల ఎనిమిది మందిమి గా డబ్బితోనే కోస్తున్నం. పోశన్న షుగర్ గోలి గూడ సగమే మింగుతడు.”

కోపమంతా తిరిగి నా మీదికే వచ్చింది. శుక్రవారం సెలవు. వాళ్ల రూమ్‌కి వెళ్లి ఎనిమిది మంది మందులూ మంచం మీద పోయించాను. కోయకూడని ప్రతి పెట్టె మీదా మార్కర్‌తో పెద్ద అక్షరాలతో తెలుగులో ‘కోయొద్దు’ అని రాశాను. ఈ పని మే నెలలోనే చేసి ఉండాల్సింది. అర నిమిషం పట్టేది.

అప్పటినుంచీ మందు ఎప్పుడు వేసుకోవాలో చెప్పి ఊరుకోను. “సగం చేసుకుంటారా?” అని అడుగుతాను. అందరినీ అడుగుతాను, ఎదురు షోరూమ్ కారు దిగి వచ్చినవాళ్లని కూడా. ముందు లేదంటారు. తర్వాత పక్కన ఎవరూ లేకుండా చూసుకుని తలూపేవాళ్లు నేననుకున్నదానికన్నా ఎక్కువమందే ఉన్నారు.

రాజన్న బరువు ఎత్తకూడదని డాక్టర్ రాసిచ్చాడు. బరువు ఎత్తని కార్పెంటర్ కంపెనీకెందుకు? ఎగ్జిట్ కొట్టి, అంటే వీసా రద్దు చేసి, ఇంటికి టికెట్ చేతిలో పెట్టారు. వెళ్లే ముందు చెయ్యి కట్టుతోనే షాపుకొచ్చి కట్టర్ కౌంటర్ మీద పెట్టాడు. శుభ్రంగా కడిగి తెచ్చాడు.

“నీది నీకిస్తున్న చెల్లె. ఇగ నాకక్కర లేదు. మా ఊరి సర్కారు దవాఖానల బీపీ గోలీలు పైస తీస్కోకుంట ఇస్తరు. ఆడ నిండు గోలి మింగుత.”

సంబరంగానే చెప్పాడు. డబ్బున్న దేశంలో పదిహేనేళ్లు స్లాబులు లేపినవాడు నిండు మాత్ర కోసం జగిత్యాల పోవాలట. ఎవరి మీద అరవాలో తెలియక, ఆ డబ్బాని సొరుగులో వేసి గట్టిగా మూశాను.