రెక్కల మనుషుల వ్యాకరణం, మా బావ ప్రశ్న

నేను రాస్తున్న ఫాంటసీ నవలలో రెక్కల మనుషుల కోసం ఓ భాష కనిపెట్టాను. ఊపిరి లోపలికి పీలుస్తూ పలికే హల్లులు, పదకొండు విభక్తులు. ఈ రోజు అనకాపల్లి మార్కెట్లో బెల్లం దిమ్మలు దించి మా ఇంటికొచ్చిన బుచ్చయ్యపేట బావను కూర్చోబెట్టి, గంటసేపు వినిపించాను. పాపం, కదలకుండా విన్నాడు.

“బాగుంది బావా. ఇది ఎవులు మాటాడతారు?”

“ఎవరూ మాట్లాడరు. అంతా నా ఊహే!” అన్నాను గర్వంగా.

“లేనోల్ల బాసకి ఇంత మర్యాద సేసేవు. మరి మొన్న పెళ్లిలో మీ ఆపీసోల్ల ముందు నన్ను మాటాడొద్దని సైగ సేసేవేటి?”

అప్పట్నుంచి పదకొండు విభక్తుల్లోనూ జవాబు వెతుకుతున్నాను. మీకు తడితే కామెంటు పెట్టండి. మా బావ మాట్లాడినట్టే రాసినా సరే, ఈసారి దిద్దను.