తెల్ల స్కార్ఫ్‌లో బదనిక

సింగపూర్‌లోని బుకిట్ బటోక్‌లో మా అక్క ఉండే బ్లాకు కింద ఒక మామిడిచెట్టు ఉంది. ఆ ఉదయం తోటపని చేసే అప్పారావు అంకుల్ నిచ్చెనెక్కి, దాని కొమ్మలకు పట్టిన బదనికను కోస్తున్నారు. ఊళ్లో మా తోటలోనూ అది కనిపిస్తే కొట్టి పారేస్తాం. చెట్టు రసం పీల్చి బతికే మొక్క మరి.

పక్క బ్లాకులో ఉండే వేల్స్ దేశపు ముసలావిడ గబగబా వచ్చి, మెడలోని తెల్ల స్కార్ఫ్ తీసి కొమ్మ కింద పట్టింది.

“కింద పడనివ్వకండి!”

“చెత్త లా, ఆంటీ! దీనికెందుకంత హడావిడి?” అన్నారు అంకుల్, ఇక్కడివాళ్లలాగే మాట చివర ‘లా’ తగిలిస్తూ.

పూర్వం వాళ్ల దేశంలో డ్రూయిడ్లనే పూజారులు దీన్ని బంగారు కొడవలితో కోసి, నేల తాకకుండా తెల్లగుడ్డలో పట్టేవారట.

“వాళ్లు ఏదీ రాసి పెట్టలేదు. ఒక్క మంత్రం కూడా మిగల్లేదు. మాకు మిగిలింది ఈ మొక్క మీద భక్తే,” అందావిడ.

అంకుల్ తర్వాతి కొమ్మ కోసే ముందు కిందికి చూసి, “ఆంటీ, రెడీయా?” అన్నారు.

ఆవిడ ఒక అంచు పట్టుకుంటే స్కార్ఫ్ రెండో అంచు నేను పట్టుకున్నాను. చెప్పులు ఎప్పుడు విడిచానో తెలియదు. చూసుకునేసరికి తడిగడ్డి మీద ఉత్తకాళ్లతో నిలబడి ఉన్నాను.