పల్లంలో పెద్ద గుల్లలు

నా చిన్నప్పుడు, అంటే తొంభైల్లో, మా మేనత్తకు గుల్లల పిచ్చి ఉండేది. అంతర్వేది దగ్గర సముద్రపు ఒడ్డునే వాళ్ళ ఇల్లు. ఏరుకొచ్చిన గుల్లల్ని ముఖం చూసుకునే అద్దాల చుట్టూ అంచులుగా అతికించేది. వేసవి సెలవుల్లో నన్నూ వెంట తీసుకెళ్ళేది.

నిమ్మకాయంత గుండ్రంగా, నున్నగా ఉండే ఒక రకం నత్తగుల్ల అంటే ఆవిడకు మరీ ఇష్టం. అది ఒడ్డున దొరకదు. ఆటు వేళ, నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు, మోకాలి లోతు పల్లం దాటి వెళితే ఒక ఇసుక మేట బయటపడి ఉండేది. దాని అంచున, పాదాలు మునిగే నీళ్ళలో, వేలితో గీసినట్టు చారలు కనిపిస్తాయి. చార ఆగిన చోట చిన్న బుడిపె. దాని కింద నత్త. ప్రాణమున్నదైతే అత్త మళ్ళీ ఇసుకలో పెట్టేసేది. ఖాళీ గుల్లలే మా బుట్టలోకి వచ్చేవి.

ఆ రోజు గుల్లలు బాగా దొరుకుతుంటే ఇద్దరం వేళ చూసుకోలేదు. నేను తలెత్తేసరికి మాకూ ఒడ్డుకూ మధ్య పల్లం పోటు నీళ్ళతో నిండిపోతోంది. నాకు ఈత రాదు. అత్తకూ రాదు.

"అత్తా, నీళ్ళు..."

"చూశానే," అంది మామూలుగా. "అన్నిటికంటే పెద్దవి ఆ పల్లంలోనే ఉంటాయి. కాళ్ళతో వెతకాలి. పాదం ఎత్తకుండా ఈడుస్తూ రా. గుండ్రంగా ఏదైనా తగిలితే చెప్పు."

నా మణికట్టు పట్టుకుని దిగింది. నీళ్ళు నా నడుము దాటాయి. నేను ఏడవబోయినప్పుడల్లా "ఏంటి, తగిలిందా?" అనేది. లేదని చెప్పడంలో ఏడుపు ఆగిపోయేది. నీళ్ళు నా గడ్డానికి వచ్చాక నన్ను చంకనెత్తుకుంది. "ఇక నేను వెతుకుతాను. నువ్వు ఒడ్డు చూస్తూ ఉండు," అంది. ఒకసారి అల తోస్తే ఇద్దరం పక్కకు ఒరిగాం. ఆవిడ గుండె దడదడా కొట్టుకోవడం నా ఒంటికి తెలిసింది. మాట మాత్రం మారలేదు.

ఒడ్డెక్కాక ఇసుకలో కూలబడింది. గుల్లల బుట్ట ఎక్కడ పోయిందో ఇద్దరికీ తెలియదు.

"పల్లంలో ఏమీ ఉండవే, బురద తప్ప," అంది కొంగు పిండుకుంటూ. "కాలు లేపితే కొట్టుకుపోతావని అలా చెప్పాను."

కిందటేడు మా అమ్మాయిని ఆపరేషన్‌కి తీసుకెళ్ళేటప్పుడు నాకూ భయంగానే ఉంది. అయినా దాని స్ట్రెచర్ పక్కన నడుస్తూ, పైన లైట్లు ఎన్నున్నాయో చూసి చెప్పమన్నాను. నా భయాన్ని నాలోనే ఉంచుకుని, పక్కవాళ్ళకు చెయ్యడానికి ఓ చిన్న పని ఇవ్వడం అత్త దగ్గరే నేర్చుకున్నాను.