వేలు చూపి చెప్పే మనిషి

మా ఆయన పొయ్యితో మాట్లాడతాడు. తాళంతో మాట్లాడతాడు. గరాజ్ తలుపుతో కూడా మాట్లాడతాడు. పొయ్యి కట్టేశాక చూపుడువేలు దాని వైపు చాచి "ఆపాను" అని పైకి, స్పష్టంగా అంటాడు. తాళం వేసి "వేశాను" అంటాడు. ఇక కారెక్కితే చెప్పనక్కర్లేదు. న్యూజెర్సీ పార్సిప్పనీలో మా ఇంటి నుంచి ఇండియన్ స్టోర్‌కి వెళ్ళేలోపు ఎన్ని సిగ్నళ్ళు వస్తే అన్నిసార్లు వేలు చాచి "ఎరుపు", "పచ్చ", "ఎడమ ఖాళీ" అని అప్పజెబుతాడు. పక్కన కూచుని నేనేదైనా కబురు మొదలుపెడితే అది సగంలో ఆగాల్సిందే. పెళ్ళయిన కొత్తలో ముచ్చటపడ్డాను, తర్వాత విసుక్కున్నాను, ఆ తర్వాత అలవాటుపడ్డాను. కాపురాలన్నీ అంతే.

ఆయన పేరు వీరభద్రరావు. గుంటూరులో డాక్టరు చదువు చదివి ఈ దేశం వచ్చి, రిటైరయ్యేదాకా న్యూజెర్సీ ఆసుపత్రుల్లో మత్తు డాక్టరుగా పనిచేశాడు. ఇక్కడ ట్రైనింగులో ఉన్న రోజుల్లో ఒకసారి, ఒకేలాగున్న రెండు మందుసీసాల్లో ఒకటి తీయబోయి రెండోది తీశాడట. సూది గుచ్చకముందే చూసుకున్నాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి సీసా చేతికి తీసుకుంటే, పేరు మీద వేలు పెట్టి పైకి చదవనిదే సిరంజి పట్టుకోలేదు. నర్సులు వెనకాల నవ్వుకునేవారు. ఒకావిడ "మందులకి ప్రార్థన చేసే డాక్టరు" అని పేరు కూడా పెట్టింది. ఈయన పట్టించుకుంటేగా.

"కన్ను మోసం చేస్తుంది వసూ. నోరు చెబితే చెవి పట్టుకుంటుంది," అనేవాడు.

రిటైరైన రోజున పార్టీలో ఆ నర్సే వచ్చి ఈయన్ని కావలించుకుని ఏడ్చింది. తన ఆపరేషన్‌కి మత్తు ఇవ్వడానికి ఈయనే కావాలని పట్టుబట్టి మరీ తారీఖు మార్పించుకుందట. అయితే ఆ గొప్పతనం ఆసుపత్రి గుమ్మం దాటలేదు. ఇంటికొచ్చేసరికి ఇది ఉత్త చాదస్తమే. స్నేహితుల ముందు నేనూ అలాగే అనేదాన్ని.

మా అమ్మాయి అదితి ఇక్కడే పుట్టి పెరిగింది. మందుల కంపెనీలో సైంటిస్టు, బ్రిడ్జ్‌వాటర్‌లో ఉంటుంది. పోయిన చలికాలం మమ్మల్ని చూడటానికొచ్చి, గరాజ్‌లో వాళ్ళ నాన్నని చూసింది. ఆయన వేలు చాచి వరసగా "లైటు ఆపాను, తలుపు వేశాను, వసుమతి ఎక్కింది" అంటున్నాడు. నేనూ ఆ జాబితాలో ఒక సామానునే. నాకు నవ్వొచ్చింది గానీ, పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, డాడీ థింగ్స్‌తో మాట్లాడుతున్నారు. ఎన్ని రోజుల నుంచి?" అని వంటింట్లోకి లాక్కెళ్ళి అడిగింది.

"నువ్వు పుట్టకముందు నుంచీ."

"లేదమ్మా, ఇప్పుడు ఎక్కువ అయింది. ఐ రెడ్ అబౌట్ ఇట్. మర్చిపోతున్నవాళ్ళు ఇలాగే చేస్తారు. కార్ కీస్ తీసుకోవాలి మనం."

నాకు ఒళ్ళు మండింది. ఈ ఊళ్ళో కారు లేకపోవడమంటే కాళ్ళు లేకపోవడమే. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ఒక్క నెల. పక్కింటివాళ్ళ మెయిల్‌బాక్స్ పడగొట్టి దిగినదాన్ని, మళ్ళీ ఎక్కలేదు. గుడి, లైబ్రరీ, కూరలు, ఆదివారం నాలుగిళ్ళవాళ్ళం కలిసి ఆడుకునే పేకాట, అన్నీ ఆయన చేతిలోని ఆ తాళంచెవికే వేలాడుతున్నాయి. అది లాక్కుంటే ఇద్దరం సోఫాకి అంటుకుపోయి కూచోవాలి. అంతకంటే, ఆ మనిషికి మతి పోయిందని ముద్ర పడుతుంది. "మీ నాన్నకి నీకంటే బాగా గుర్తుంటాయి పో," అని కసిరాను. పిల్ల ఏడ్చింది. చివరికి, అందరం జపాన్ వెళ్ళొచ్చాక డాక్టరుకి చూపించి, అప్పుడు కీస్ సంగతి తేలుద్దామని ఒప్పందం.

జపాన్ ఎందుకంటే, అదితికి ఒసాకాలో కాన్ఫరెన్స్ ఉంది. మమ్మల్నీ రమ్మంది. ఆఖరి రోజున క్యోటో చూడటానికి ఒక గైడ్‌ని మా ముగ్గురికోసమే మాట్లాడింది. మొరితా గారని ఒకావిడ, అరవై దాటి ఉంటాయి. ఆవిడ ముందే మెయిల్ రాసి అన్నీ అడిగిందట. శాకాహారం అంటే చేపల రసం కూడా తగలకూడదా, మెట్లు ఎక్కగలరా, ఎవరికి ఏవి ఇష్టం అని. అదితి తనకి బంగారు గుడి, వెదురు తోపు రాసింది. నాకు తోటలు రాసింది. వాళ్ళ నాన్న దగ్గరికొచ్చేసరికి "ఆయనకి నిశ్శబ్దం ఇష్టం" అని రాసిందట. ఇంట్లో రోజంతా పైకి మాట్లాడే మనిషి గురించి.

బంగారు గుడి బాగానే ఉంది. చెరువులో దాని నీడ ఇంకా బాగుంది. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చూసి, "బావుంది" అని ఊరుకున్నాడు. అక్కణ్ణించి వెదురు తోపుకి టాక్సీ వద్దు, చిన్న ట్రాములో వెళదాం, ఇళ్ళ పెరళ్ళ పక్కనుంచి పోతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుందంది మొరితా గారు. ఒక్కటే పెట్టె. డ్రైవరుకి సరిగ్గా వెనకాల, అద్దానికి ఇవతల మాకు చోటు దొరికింది.

డ్రైవరు కుర్రవాడు. తలకి టోపీ, చేతులకి తెల్లటి గ్లవ్స్. బయల్దేరబోతూ వేలు తిన్నగా చాచి ఎదుటి సిగ్నల్‌ని చూపించి, పైకి ఏదో అన్నాడు. గడియారాన్ని చూపించి ఏదో అన్నాడు. తలుపులు చూపించి ఏదో అన్నాడు. బండి కదిలింది. తర్వాతి సిగ్నల్ వచ్చింది, మళ్ళీ వేలు, మళ్ళీ మాట. ఎదురుగా వినడానికి ఎవరూ లేరు.

నేను నోరెళ్ళబెట్టాను. అదితి ఫోన్ లోంచి తలెత్తింది. మా ఆయన కడ్డీ పట్టుకుని లేచి, అద్దం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

మొరితా గారు మా మొహాలు చూసి ఇంగ్లీషులో చెప్పింది. ఇక్కడ రైళ్ళు నడిపేవాళ్ళకి ఇది పనిలో భాగమట. కంటితో చూసినదాన్ని వేలితో చూపించాలి, నోటితో చెప్పాలి. అప్పుడే చూసినట్టు లెక్క. ఎప్పుడో తాతల కాలం నుంచీ నేర్పుతున్నారట.

"అందరూ చేస్తారా?" అన్నాడు మా ఆయన, వెనక్కి తిరక్కుండా.

"అందరూ."

"ఎవరూ చూడకపోయినా?"

"చూడకపోయినా."

ఆయన నా వైపు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు. "వసూ, దేశం మొత్తం," అన్నాడు.

తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని విన్నానుగానీ, మా ఇంటి చాదస్తం ఒక దేశానికి పద్ధతి అయి ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. ఈ మనిషి ఎవరూ నేర్పకుండా, ఎవరూ మెచ్చకుండా, నవ్వేవాళ్ళ మధ్య నిలబడి ఒంటరిగా కనిపెట్టుకున్నది ఇక్కడ బడిలో పాఠం. తర్వాతి సిగ్నల్ దగ్గర అద్దానికి అవతల తెల్లటి వేలు లేచింది, ఇవతల మచ్చలు పడిన ముసలి వేలు లేచింది. ఆ కుర్రవాడు జపనీస్‌లో ఏదో అన్నాడు, ఈయన తెలుగులో "దారి ఖాళీ" అన్నాడు. రెండు మాటలూ ఒక్కసారే వినిపించాయి.

ఆఖరి స్టేషన్లో డ్రైవరు దిగి, అద్దం వెనక నిలబడ్డ ముసలాయన్ని చూసి ఆగాడు. టోపీ తీసి నడుం వంచాడు. మా ఆయన ముందు నమస్కారం పెట్టాడు, అది చాలదనిపించిందేమో, ఆయన కూడా వంగాడు. ఆ వయసు నడుము అంత వంగడం నేను ఈ మధ్య చూడలేదు.

"వెదురు తోపు తప్పనిసరిగా చూడాలా?" అని అడిగాడు మొరితా గారిని, చిన్నపిల్లాడిలా.

"ఈ రోజు మీది. మీరెలా అంటే అలా," అంది ఆవిడ. అప్పటికప్పుడు ప్లాన్ అంతా మార్చేసింది. పెద్ద స్టేషన్‌కి తీసుకెళ్ళి ప్లాట్‌ఫారం చివర నిలబెట్టింది. పొడుగు ముక్కు రైలొకటి చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. యూనిఫాం వేసుకున్న మనిషి పట్టాలు చూపించి చెప్పాడు, తలుపుల వరస చూపించి చెప్పాడు. రైలు వెళ్ళిపోయాక, ఖాళీ పట్టాల వైపు కూడా వేలు చూపించి చెప్పాడు. లోపల వందలమంది కునుకు తీస్తూ వెళ్ళిపోయారు. వాళ్ళ ప్రాణాలన్నీ ఆ వేలి చివర ఉన్నాయని వాళ్ళకి తెలియదు. మా ఆయన మత్తిచ్చి నిద్రపుచ్చినవాళ్ళకీ తెలియదు. నాకూ ఆ ప్లాట్‌ఫారం మీదే తెలిసింది.

మధ్యాహ్నం ఒక మఠం పక్కన భోజనం. అన్నీ టోఫూలే, అంటే సోయా పన్నీరు. పది రకాల గిన్నెల్లో పది రకాల టోఫూ. నా బ్యాగ్‌లోంచి కందిపొడి తీసి అన్నంలో కలిపితే, మొరితా గారు కూడా అడిగి వేయించుకుంది. అప్పుడే అదితి వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుంది.

"సారీ డాడీ. నాకు తెలియలేదు. కీస్ గురించి ఇంక మాట్లాడను. నో డాక్టర్, నథింగ్."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా ఆయన రచ్చ గెలిచి ఇల్లు గెలిచాడు. నా కడుపు చల్లబడింది. పిల్లకి వినబడేలా "చెప్పానా" అని ఒకటికి రెండుసార్లు అన్నాను. ఆ సంతోషంలో ఇంకొంచెం కందిపొడి వేసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ ట్రామెక్కాం. ఈసారిది రోడ్డు మధ్యలో, కార్లతో పాటు నడిచే ట్రాము. ఆయన మళ్ళీ అద్దం దగ్గరే. నేను మొరితా గారికి పొడి చేసే విధానం చెబుతున్నాను. ఒకచోట బండి నెమ్మదించి చిన్న కుదుపుతో ఆగింది. ఆయన అక్కణ్ణించి వచ్చి నా పక్కన కూచున్నాడు.

"కాళ్ళు నొప్పులా?" అన్నాను.

"ఊఁ," అన్నాడు.

ఆ తర్వాత ట్రాము దిగేదాకా లేవలేదు. పొద్దుటి నుంచీ నిలబడ్డాడు, అలసిపోయాడనుకున్నాను.

ఇంటికొచ్చిన వారం తర్వాత ఆదివారం అదితి వచ్చింది. కాఫీ తాగుతూ క్యోటో ఫోటోలు చూస్తున్నాం. ఆయన లేచి వెళ్ళి కారు తాళంచెవి తెచ్చి బల్ల మీద, అదితి ముందు పెట్టాడు.

"ఇది నువ్వు తీసుకోమ్మా."

"డాడీ, అది అయిపోయింది కదా. ఐ సెడ్ సారీ."

"నువ్వన్నదానికి కాదు." కుర్చీలో కూచుని, నిదానంగా చెప్పాడు. "ఆ సాయంత్రం రోడ్డు మీది ట్రాములో, నేను సిగ్నల్ చూపించి ఖాళీ అన్నాను. ఆ డ్రైవరు బ్రేకు వేశాడు. అది ఎరుపు. నా కంటికీ ఎర్రగానే కనబడుతోంది. నోరు మాత్రం ఖాళీ అంది. చెవి పట్టుకోలేదు. బండి ఆగాకగాని నాకు తెలియలేదు."

"సో వాట్? మీరు నడపట్లేదు కదా. యూ వర్ జస్ట్ ప్లేయింగ్."

"నేనెప్పుడూ ఆటకి చెప్పలేదమ్మా," అన్నాడు.

నేను ఊరుకోలేదు. అలసటన్నాను, పరాయి ఊరన్నాను, పొద్దుటి నుంచీ అన్నీ ఖాళీయే వస్తే ఎవరి నోరైనా అలాగే అంటుందన్నాను. నిజం చెప్పొద్దూ, కోపం కూడా వచ్చింది. గెలిచిన పందెం తెచ్చి ఎదుటివాళ్ళ చేతిలో పెట్టే మనిషి ఎక్కడైనా ఉంటాడా? ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు, ఈయన నోరు మూసుకుంటే ఈ జన్మకి ఎవరికీ తెలియదు.

"ఆ చెవి ఉందన్న ధైర్యంతోనే ఇన్నాళ్ళూ మందులిచ్చాను, కారు నడిపాను," అన్నాడు నా వైపు తిరిగి. "నా పక్క సీట్లో కూచునేది నువ్వు కదా వసూ."

ఏభై ఏళ్ళుగా పక్కన కూచున్నాను, సగంలో ఆగిపోయిన కబుర్ల గురించి విసుక్కున్నాను. ఈ మనిషి ఇంత గొప్పవాడని ఒక్క రోజూ చూడలేదు. క్యోటోలో చూసినవన్నీ కలిపినా నాకు అంత ఆశ్చర్యం కలగలేదు.

తాళంచెవి బల్ల మీదే ఉంది. అదితి దాన్ని ముట్టుకోవడం లేదు, వాళ్ళ నాన్న వైపు చూడటం లేదు, ఒకటే ఏడుస్తోంది. ఆయన కాఫీ చల్లారిపోతోంది. నేనే ఆ తాళంచెవి తీసి అదితి చేతిలో పెట్టాను.