గుండిగ కదిలితేనే వీధి కదిలింది

మొన్న తుఫాను హెచ్చరిక ఫోనులో టింగుమనగానే మా మనవరాలు దాన్ని వేలితో పక్కకి తోసేసి మళ్లీ ఆటలో పడిపోయింది. నాకు మాత్రం కాళ్లు ఒకచోట నిలవలేదు. తొంభైల్లో, ఓడలరేవు దగ్గర మా అత్తవారి ఊళ్లో, ఇదే వీధిలో, మైకు కట్టిన జీపు సందుసందూ తిరిగి అందర్నీ హైస్కూలు డాబాలోకి వెళ్లిపొమ్మన్న ఆ పొద్దున్న గుర్తొచ్చింది.

మావారు అప్పుడు మస్కట్లో ఉండేవారు. ఇంట్లో నేనూ, చంటిపిల్లా, మా అత్తయ్యగారూ. మావయ్యగారు కట్టించిన పెంకుటిల్లు వదిలి ఆవిడ అంతకుముందు ఏ తుఫానుకీ గడప దాటలేదు, ఈసారీ దాటనని భీష్మించుకు కూర్చున్నారు. ఆవిడొక్కరి మొండితనమైతే ఏదో తంటాలు పడేదాన్ని గానీ, వీధిలోని తాటాకిళ్ల వాళ్లందరి కన్నూ మా ఇంటి మీదే. మా వంటింటి పొగ లేచిందంటే, పెద్దావిడే కదల్లేదు మనకేం అని వాళ్లూ పొయ్యి రాజేసుకునేవారు. బతిమాలాను, ఏడ్చాను, చంటిదాన్ని తీసుకెళ్లి ఆవిడ ఒళ్లో పెట్టాను. ఊహూఁ.

అప్పుడు తట్టింది. మా అత్తయ్యగారికి గాలన్నా సముద్రమన్నా లెక్కలేదు గానీ, ఎవరైనా ఆకలితో ఉన్నారంటే కాలు నిలవదు. పెళ్లిళ్లకి బస్తాల లెక్కన అన్నం వండి ఒక్క మెతుకు చిమడనివ్వని చెయ్యి ఆవిడది. వీధిలోకి వెళ్లొచ్చినట్టు వచ్చి, హైస్కూల్లో జనం చేరారనీ, బియ్యం ఉన్నాయి గానీ వండే దిక్కు లేదనీ, మగవాళ్లెవరో గంజి వార్చడం కూడా రాక ముద్ద చేసి పెడుతున్నారనీ గోడకి చెప్పినట్టు చెప్పాను. పచ్చి అబద్ధం.

ఆవిడ లేచి, పొయ్యిలో నీళ్లు చల్లి, అటక మీది ఇత్తడి గుండిగ దింపమన్నారు. పక్కింటామె ఒకపక్కా ఆవిడ ఒకపక్కా పట్టుకున్న ఆ గుండిగ మలుపు తిరిగేసరికి, వెనకాల వీధి వీధంతా కోళ్లగంపలతో సహా నడిచింది.

తీరా చూస్తే హైస్కూల్లో పొయ్యిలు మండుతున్నాయి, వంటవాళ్లు ముగ్గురున్నారు. నేను తల దించేసుకున్నాను. అత్తయ్యగారు నాకేసి ఒక్క చూపు చూసి, కొంగు దోపి, ఒకాయన చేతిలోంచి గరిటె అందుకున్నారు.

గాలి నిమ్మళించాక తిరిగొచ్చేసరికి తాటాకిళ్ల ఆనవాళ్లు లేవు. మా ఇంటి దూలం ఆవిడ పడుకునే నవారు మంచం మీదే పడి ఉంది. మా వీధిలో మాత్రం ఒక్క ప్రాణం పోలేదు, ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. అబద్ధమాడానండీ అని కాళ్లు పట్టుకోబోతే, ఆవిడ ఆ దూలంకేసి చూస్తూ అన్నారు:

"అక్కడ వండేవాళ్లుంటారని నాకు తెలీదనుకున్నావేంటే? భయపడి వెళ్లిపోయేననిపించుకోడం నా వల్ల కాలేదు. నువ్వో సాకు తెచ్చేవు, పట్టుకుని లేచేను."

ఇప్పుడు హెచ్చరిక ఎవరి ఫోనుకి వాళ్లకే వస్తోంది, ఎవరికి వాళ్లే కారెక్కి అమలాపురం వెళ్లిపోతున్నారు. మంచిదే. కాకపోతే పక్కింటివాళ్లు కదిలారా లేదా అని తొంగిచూసే కన్ను లేదు. మొన్న ఆ గుండిగ దింపించి, తోమి, అందరికీ కనపడేలా వాకిట్లో పెట్టాను. సాయంత్రం దాకా అది అక్కడే ఉంది. ఎందుకు పెట్టానో తెలిసినవాళ్లలో వీధిలో నేనొక్కదాన్నే మిగిలాను.